మా గానుగెద్దు తోరణం కింద తిరిగిన పోలా

నా చిన్నప్పుడు మా ఇంటికి దారి అడిగినవాళ్లకు ఎవరూ గుర్తులు చెప్పేవారు కాదు, నూనె వాసన పట్టుకుని పొమ్మనేవారు. రాజురా తాలూకాలో ఒక చిన్న ఊరు మాది. ఇంటి ముందు పందిరి కింద చింతమొద్దుతో చేసిన గానుగ, దాన్ని తిప్పడానికి ఒక తెల్లెద్దు, ఆ ఎద్దు వెనక నడిచే మా బాపు. మావైపు నాన్నను బాపు అంటాం, నాన్న తల్లిని బాపమ్మ అంటాం. నేను చెప్పబోయేది మా బాపమ్మ సంగతి. క్షమించడం పెద్దగుణమని చెప్పే కథ కావాలంటే ఇంకో ముసలమ్మను వెతుక్కోండి. నా దగ్గర అది లేదు, మా బాపమ్మ నాకు నేర్పలేదు.

గానుగ పద్ధతి ఎలా ఉండేదో ముందు చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. నువ్వులైనా అవిసెలైనా ఎవరివి వాళ్లు తెచ్చుకునేవారు. ఆడి ఇచ్చాక నూనె వాళ్లది, మిగిలిన పిండి మాది. మా కూలి ఆ పిండే. దాంట్లో కొంత మా ఎద్దు తినేది, కొంత ఈనిన బర్రె ఉన్న ఇంటికి వెళ్లేది, దానికి బదులు జొన్నలో కందులో మా ఇంటికి వచ్చేవి. ఊళ్లో పెళ్లికూతురికి నలుగు పెట్టినా, ఎవరైనా పోతే తల దగ్గర దీపం పెట్టినా నూనె మా పందిరి నుంచే వెళ్లాలి. అందుకని మమ్మల్ని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు గానీ, మాకు తెలియకుండా ఊళ్లో ఏ శుభమూ, ఏ చావూ జరిగేది కాదు.

ఎద్దుకు కళ్ల మీద గంతలు కట్టేవాళ్లం. అదే చోట తిరుగుతున్నానని దానికి తెలిస్తే కళ్లు తిరుగుతాయని బాపమ్మ అనేది. గంతలు కట్టాక ఆమె నాలుకతో టక్కు టక్కుమని ఒక చప్పుడు చేసేది. అది వినపడగానే ఎద్దు కదిలేది, ఇక ఎవరు అడ్డం వచ్చినా ఆగేది కాదు. దాన్ని ఆపడం మా బాపు ఒక్కడికే వచ్చు. దగ్గరికి పోయి మూపురం నిమిరి హో అని మెల్లగా అనేవాడు, అది నిలబడిపోయేది.

అప్పుడే మా తాలూకాకు రాష్ట్రం మారింది. అంతకుముందు ఆదిలాబాదు జిల్లా కింద, హైదరాబాదు రాజ్యంలో ఉండేవాళ్లం. పెద్దవాళ్లెక్కడో కూర్చుని గీత గీస్తే, నడుమ కొన్నాళ్లు ఇంకో జిల్లా కింద ఉండి, చాందా జిల్లాలో పడ్డాం. ఇప్పుడు చంద్రపూర్ అంటున్న ఊరే చాందా. మేం కదల్లేదు, మా ఇళ్లు కదల్లేదు, కచేరీ మాత్రం మారిపోయింది. ఉర్దూ చదివిన పటేలు మాట సన్నబడింది. కొత్త కచేరీలో మరాఠీ వచ్చినవాడి మాట లావయింది. సరిగ్గా ఆ సందులోనే రోడ్డు పక్క జాగాలో ఒక సావుకారు ఇంజను దింపాడు. ఇంజను మిల్లును మావైపు గిర్ని అంటారు. మా ఊరికి నూనె గిర్ని వచ్చింది.

అబద్ధమెందుకు, నేనూ చూడడానికి పరుగెత్తాను. మా ఎద్దు పొద్దంతా తిరిగి తీసే నూనె అది బువ్వ తినేలోపు తీసేది. జనం నోళ్లు వెళ్లబెట్టారు. గిర్నిలో కూలి పైసల్లో ఇవ్వాలి, పిండి కూడా గిర్నిదే. ఈ రెండో మాట ఎవరూ పట్టించుకోలేదు. పిండి అనేది ఒకరి సొత్తని అంతకుముందు ఎవరికి తట్టింది? అది ఊళ్లోనే తిరిగేది కదా. ఇప్పుడు బండ్లకెక్కి పట్నం పోసాగింది. బర్రెల పాలు పలచబడ్డాక ఆడవాళ్లకు తెలిసొచ్చింది గానీ, అప్పటికి మా గానుగ కింద గడ్డి మొలిచింది.

సావుకారు తెలివిగలవాడు. మా బాపును పిలిపించి, నూనె సంగతి తెలిసినవాడివి, గిర్నిలో పనికి రమ్మన్నాడు. ఇక నీకు ఎద్దెందుకని తెల్లెద్దును కూడా కొనేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం గానీ, దాటకముందే మన తెప్పను మనచేతే అమ్మించేవాణ్ని అప్పుడే చూశాం. ఎద్దు పోతే గానుగ మళ్లీ లేవదని అతనికి తెలుసు. బాపమ్మకూ తెలుసు. కానీ పొయ్యి మీదికి ఏదో ఒకటి ఎక్కాలి కదా, మా బాపు పనికి పోయాడు.

ఆ ఎండాకాలం ఇంజను మీద తిరిగే తోలుపట్టాలో మా బాపు కుడిచెయ్యి పడింది. వేళ్లు పోయాయి. రుమాలు చుట్టుకుని, ఇంకొకరి భుజం మీద వాలి ఇంటికి వచ్చాడు. ఆ రుమాలు రంగు నేను చెప్పను. సావుకారు చూడడానికి రాలేదు, మనిషిని కూడా పంపలేదు. కొన్నాళ్లకు ఊరి పెద్దలు కూర్చుని అడిగితే, అందరి ముందు చెప్పిన మాట ఇది.

"గాయినెవలో నాకెర్కలేదు. నువ్వులు పట్టిచ్చుకపోను వచ్చిండు, నడుమ చెయ్యి వెట్టుకుండు."

చూశారా. గానుగవాడు నువ్వులు పట్టించుకోవడానికి గిర్నికి పోయాడట! పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అతని గిర్నిలో చెమటోడ్చిన మనిషి ఎవరో తనకు తెలియదట. అక్కడ కూర్చున్నవాళ్లంతా మా బాపును రోజూ గిర్నిలో చూసినవాళ్లే. ఒక్కడు నోరు విప్పలేదు. అందరి గింజలూ గిర్నిలో ఉన్నాయి మరి, అందరూ నేల చూశారు. ఆ నేల చూసినవాళ్లలో మా పక్కింటాయన ఉన్నాడు, నన్ను ఎత్తుకుని ఆడించినవాడు. ఈ వయసులో కూడా అతని మొహం తలుచుకుంటే నాకు పళ్లు పటపటమంటాయి.

పటేలు చేత అర్జీ రాయించుకుని ఆదిలాబాదు పోతే, మీ ఊరిప్పుడు మా కింద లేదు, చాందా పొమ్మన్నారు. చాందా పోతే, ఇది ఉర్దూలో ఉంది, మరాఠీలో తెమ్మన్నారు. మరాఠీలో రాయించుకుని పోతే, గిర్నిలో పనిచేసినట్టు రుజువేదీ అన్నారు. రుజువు ఎక్కడుంది? సావుకారు నోట్లో ఉంది. మా బాపు తిరగడం మానేశాడు. ఎద్దులేని గానుగ పక్కన గోడవైపు మొహం పెట్టి కూర్చునేవాడు. వేళ్లు పోయిన నాడు ఏడవని మనిషి, తానెవరో తెలియదన్నందుకు ఏడవడం నేను చూశాను. బయటికి వస్తే పిల్లలు కూడా, నువ్వులు పట్టించుకున్నావా మామా అని ఎగతాళి చేసేవారు.

బాపు తమ్ముడు, మా చిన్నబాపుకు రక్తం ఉడికింది. ఇంజనులో ఇసుక పోసి వస్తానని లేచాడు. నేను కూడా ఒడి నిండా రాళ్లు ఏరుకున్నాను, గిర్ని రేకుల మీద విసరాలని. బాపమ్మ ఇద్దరినీ వాకిట్లోనే ఆపింది. ఆమె గొంతు పెద్దది చేసే మనిషి కాదు.

"ఇంజనుకు సిగ్గుంటదారా? ఇసుక వోస్తె ఆగుతది, మల్ల బాగు చేపిస్తడు. యాడ సిగ్గుంటదో గాడ కొట్టాలె. ఏ నోటితోని ఎర్కలేదన్నడో, గదే నోటితోని, గదే ఊరి ముంగట అనిపిస్త."

కర్ర విరగకుండా పాము చావాలంటే పాము దగ్గరికి నవ్వుతూ పోవాలి. మా బాపమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నాకైతే ఆమెకు మతి పోయిందనిపించింది.

శ్రావణ అమావాస్యకు మావైపు పోలా చేస్తాం, ఎద్దుల పండుగ. ఆ రోజు ఎద్దుకు కాడి వేయరు, ముల్లుకర్ర చూపరు, దాని మీద చెయ్యెత్తరు, గట్టిగా తిట్టినా పాపమే. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, వీపున జూలు అనే రంగుగుడ్డ కప్పి, నొసటికి బాసింగం కట్టి ఊరి మొదట్లో తోరణం కిందికి తోలుకొస్తారు. అందరికంటే ముందు నిలబడే ఎద్దుకు మర్యాద ఎక్కువ. తాతలనాటి నుంచీ అది పటేలు ఎద్దుది. ఆ సంవత్సరం ఆ మర్యాద నాకు కావాలన్నాడు సావుకారు. కాలం చూసి పటేలు తల ఊపాడు. చాందా నుంచి కొత్తగా వచ్చిన తహసీల్దారును కూడా సావుకారు పండుగకు పిలిచాడు. ముందు నిలబెట్టడానికి అతని దగ్గరున్న ఎద్దుల్లో పొడుగైనది, మూపురం ఉన్నది ఒకటే. మా తెల్లెద్దు.

గానుగెద్దును ఊరేగింపుకు తీసుకెళ్లాలని ఏ గానుగ ఇంట్లోనూ అనుకోరు. అది సేద్యపు ఎద్దు కాదు, బండెద్దు కాదు. దాని లోకమంతా ఒక గుండ్రం. సావుకారు దాని ఎత్తు చూశాడు, తెలుపు చూశాడు, అది పుట్టి పెరిగిన పని చూడలేదు.

పండుగకు ముందు బాపమ్మ కూర్చుని ఒక బాసింగం కుట్టింది. ఎర్రగుడ్డ మీద అద్దం ముక్కలు, చుట్టూ ఊలు కుచ్చులు. కుచ్చులు మరీ పొడుగ్గా, మరీ ఒత్తుగా ఉన్నాయని నాకే అనిపించింది. ఇంత పొడుగెందుకే అని అడిగితే, నీ నోట్లో నువ్వుగింజ నానదు, పోయి ఆడుకో పొమ్మంది. గానుగ ఇంట్లో పుట్టి ఆ మాట పడడం నాకు చాలా అవమానంగా ఉండేది. బాసింగం కొంగులో పెట్టుకుని ఆమె సావుకారు ఇంటికి పోయింది. నేనూ వెంటపడ్డాను. అతని అరుగు కింద నిలబడి, నడుం వంచి, ఎద్దును నా చేతులతో సాకినాను అయ్యా, ఈ ఒక్క పోలాకు బాసింగం నన్ను కట్టనియ్యి, తోరణం కింద నేనే హారతి ఇస్త అని బతిమాలింది. కొడుకు చెయ్యి పోగొట్టుకున్న తల్లి తన వాకిట్లో వంగి నిలబడితే సావుకారుకు ఎంత తృప్తిగా ఉండాలి! ఊరంతా చూస్తుంది, ముసలిది దారికొచ్చిందనుకుంటుంది. సరే అన్నాడు. దారిలో బాపమ్మ ఒకసారి ఆగి నేల మీద ఉమ్మింది. నేనూ ఉమ్మాను.

పోలా నాడు పొద్దున వానపడి వెలిసింది. తోరణం గుంజలు పాతిన చోట నేలంతా బురద. డప్పులు మోగుతున్నాయి, ఎద్దులన్నీ వరసగా నిలబడ్డాయి. ముందు మా తెల్లెద్దు. కొమ్ములకు ఆకుపచ్చ రంగు, మెడలో గంటలు. పక్కనే సావుకారు, పట్టు రుమాలు తలపాగా చుట్టుకుని, ఎద్దుకు కట్టిన పొడుగాటి కొత్త పగ్గాన్ని మణికట్టుకు రెండు చుట్లు తిప్పుకుని గుంజను ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా కుర్చీలో తహసీల్దారు. బాపమ్మ హారతి పళ్లెంతో వచ్చింది. ఎద్దు నొసట బొట్టు పెట్టింది, బాసింగం కట్టింది, కుచ్చులు రెండుపక్కలకు సర్దుతున్నట్టు చేసి రెండు కళ్ల మీదికీ దించేసింది. హారతి తిప్పుతూ దాని చెవి దగ్గరికి వంగింది. నాకు వినపడలేదు, డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు. ఆమె దవడ కదలడం మాత్రం చూశాను. టక్కు టక్కు.

ఎద్దు కదిలింది.

కంగారు లేదు, ఉరుకు లేదు. పొద్దంతా తిరగాల్సిన ఎద్దు ఎలా నడుస్తుందో అలా, నిమ్మళంగా, తోరణం గుంజ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. సావుకారు మొదట నవ్వాడు. పగ్గం లాగాడు. లాగితే దానికేం పట్టింది, బరువు తగిలితే గానుగ లాగుతున్నాననే అది అనుకుంటుంది. ఒక చుట్టు తిరిగేసరికి పగ్గం అతని నడుముకు పడింది, ఇంకో చుట్టుకు చేతులతో సహా గుంజకు బిగిసింది. మా గానుగలో రోకలి ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాడు మహానుభావుడు. తలపాగా జారి బురదలో పడింది, ఎద్దు దాన్ని తొక్కుకుంటూ పోయింది. పోలా నాడు ఎద్దును కొట్టడానికి లేదు, కర్ర ఎత్తడానికి లేదు, తిట్టడానికి కూడా లేదు. మిగతావాళ్లు తమ ఎద్దులు బెదరకుండా పట్టుకుని వెనక్కి జరిగారు. డప్పులు ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది, ఆ తర్వాత నవ్వు ఊరంతా పాకింది. నేనూ నవ్వాను, పొట్ట పట్టుకుని నవ్వాను, నవ్వినందుకు ఇప్పటికీ నాకేం బాధ లేదు.

చుట్టు చుట్టుకూ పగ్గం పొట్టిదవుతోంది, ఎద్దు దగ్గరికి వస్తోంది. ఆకుపచ్చ కొమ్ము అతని చెంప పక్కనుంచి పోయేసరికి సావుకారు మొహం తెల్లబోయింది. అప్పుడు అరిచాడు.

"అరె, గా గానుగాయన్ను పిలువుండ్రి! గాయినకే ఆగుతది. నా గిర్నిల పని చేసినోడు, నా మనిషే, జల్ది పిలువుండ్రి!"

నేల చూసినవాళ్లే పరుగెత్తారు మా బాపు కోసం. పక్కింటాయన అందరికంటే ముందు. అదీ చూశాను. మా బాపు తువ్వాలు కప్పిన చేత్తో వచ్చాడు, సంగతి చూశాడు, చూడగానే ఎద్దువైపు నడవబోయాడు. బాపమ్మ పళ్లెం పట్టుకుని అడ్డం నిలబడింది. కొడుకును ఆగమంది. సావుకారు వైపు తిరిగింది.

"సావుకారూ, ఈయినె ఎవలు? మల్లొకపారి చెప్పు, అందరు ఇననియ్యి."

అతను ఎద్దును చూశాడు, తహసీల్దారును చూశాడు. ఎద్దు ఇంకో చుట్టుకు వస్తోంది. నా మనిషి అన్నాడు. ఏ పని చేసేవాడని బాపమ్మ అడిగింది. గిర్ని పని అన్నాడు. చెయ్యి ఎక్కడ పోయిందంది. నా ఇంజనులనే అన్నాడు. తహసీల్దారుకు తెలుగు రాదు, ఏమంటున్నారని పక్కనున్న పటేలును అడిగాడు. పటేలు ఏమంత మంచివాడు కాదు, కానీ తన ఎద్దు ముందు నిలబడని పోలా అది. వచ్చీరాని మరాఠీలో ప్రతి మాటా నెమ్మదిగా, తృప్తిగా, రెండేసి సార్లు విప్పి చెప్పాడు.

అప్పుడు పక్కకు జరిగింది బాపమ్మ. మా బాపు వెళ్లి ఎడమచేత్తో మూపురం నిమిరాడు. హో అన్నాడు. తెల్లెద్దు నిలబడిపోయింది. బాసింగం పైకి ఎత్తితే మా బాపును చూసి అతని భుజం నాకింది.

తర్వాత కచేరీలో ఏం రాసుకున్నారో నాకు తెలియదు, చిన్నదాన్ని. మా బాపు గిర్ని మనిషేనని అక్కడ ఎక్కిందని మాత్రం పెద్దవాళ్లు చెప్పుకున్నారు. ఏం కావాలని తహసీల్దారు అడిగితే, మా బాపు ఎద్దు కావాలన్నాడు. అంతే. బాపమ్మ ఇంటికొచ్చాక తిట్టిన తిట్లు ఎద్దు కూడా విని ఉంటుంది. ఎద్దొక్కటే అడుగుతావా, ఇంకో నాలుగు చుట్లు తిరగనిస్తే నీ సొమ్మేం పోయేదిరా అని. మా బాపు నవ్వుతూ ఎడమచేత్తో ఎద్దుకు పోలెలు, అదే పండుగ బొబ్బట్లు, తినిపిస్తూ కూర్చున్నాడు. గోడవైపు కాదు, వీధివైపు మొహం పెట్టి. పిల్లలెవరూ నువ్వుల మాట ఎత్తలేదు.

గానుగ గెలిచిందని నేను చెప్పను. మళ్లీ తిరిగింది, కొన్నేళ్లు తిరిగింది, బాలింతలకూ దీపాలకూ నూనె తీసింది. తర్వాత తెల్లెద్దు పోయింది, గానుగ ఆగింది. సావుకారు గిర్ని మీదికి పట్నంలో ఇంకా పెద్ద గిర్ని వచ్చింది, తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. ఇంజను మీద నాకు పగ లేదు. నేనూ ఇప్పుడు పొట్లంలో వచ్చే నూనెతోనే పోపు పెడతాను, ఇంట్లో మిక్సీ ఉంది, రోలు దగ్గర నడుం విరగ్గొట్టుకోవాలని నాకు సరదా లేదు. నా పగ ఒక మాట మీద. చాందాకు కోడలిగా వచ్చాక, బొగ్గుగనుల వాళ్లనూ కార్ఖానాల వాళ్లనూ చూస్తూ బతికాను. మనిషికి దెబ్బ తగలగానే వినపడే మాట ఆ రోజు మా ఊళ్లో విన్నదే. మరాఠీలో విన్నాను, హిందీలో విన్నాను, ఇంగ్లీషు చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. మా మనిషి కాదు, మాకు తెలియదు, కూలీలను తెచ్చిన ఠేకేదారును అడగండి. కోపం వయసుతో తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

మొన్న ఇక్కడ చాందాలో, మేముండే తుకుం పేటలో, మా ఇంటి ఎదురుగా కడుతున్న మేడ మీదనుంచి తట్టలు మోసే పిల్ల జారిపడింది. కాలు విరిగి ఇసుక మీద పడుకుని ఉంది. ఠేకేదారు ఫోనులో ఎవరితోనో, ఎవరో దారిన పోయే పిల్ల, తమ మనిషి కాదని చెబుతున్నాడు. నేను ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని అతని బండికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. వీధంతా పోగయింది. ఏమ్మా, ఆ పిల్ల నీకేమవుతుందని అడిగాడు. నాకేమీ కాదు నాయనా, నీకేమవుతుందో వీళ్లందరి ముందు చెప్పు అన్నాను. ముసలిదాన్ని ఎవరు మాత్రం ఈడ్చి పక్కన పడేస్తారు? నా మనిషే అని అతను నోరారా అనేదాకా నేను లేవలేదు. అన్నాక కూడా, వినపడలేదు, ఇంకోసారి చెప్పమన్నాను.